పురానాపూల్‌పై ఒక సాయంత్రం

మా నాయుడుపేట చెంతనున్న స్వర్ణముఖి ఏడాదిలో అధికభాగం ఇసుకమేటగానే కనిపిస్తుంది. ఈశాన్య రుతుపవనాలు ముదిరితే మాత్రం ఒక్క రాత్రిలో ఈ ఒడ్డు వేరు, ఆ ఒడ్డు వేరు అవుతాయి. కొన్నేళ్ళ క్రితం అటువంటి వరదలోనే మా మద్రసా విద్యార్థి ఒకని తల్లి మరణించింది. అతని పల్లెకు వెళ్ళే చప్టా నీట మునిగింది. నీరు తగ్గి అతడు ఇల్లు చేరేసరికి జనాజా నమాజు, ఖననం ముగిసిపోయాయి. ఆ బాలుని ముఖం మేము నేటికీ మరువలేదు.

ఇటీవల హైదరాబాదు వెళ్ళినప్పుడు, అస్ర్ నమాజు తరువాత మూసీపై ఉన్న పురానాపూల్ చూడబోయాము. గోల్కొండ సుల్తాను ఇబ్రాహీం కుతుబ్‌షా 1578లో దీనిని నిర్మింపజేశాడు. అప్పటికి చార్మినార్ లేదు, హైదరాబాదు నగరమూ లేదు. అవి 1591 నాటివి. విజయనగరంలో ఏడేళ్ళు ఆశ్రయం పొంది తెలుగును అభిమానించిన ఈ సుల్తానును మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు.

రాకుమారుడు ముహమ్మద్ కులీ ప్రేయసి కోసం వరదలో గుర్రాన్ని దూకించాడనీ, కలతచెందిన తండ్రి వంతెన కట్టించాడనీ జనం చెప్పుకుంటారు. కాని రాకుమారుడు జన్మించింది 1565లో. వంతెన పూర్తయ్యేనాటికి అతనికి పదమూడేళ్ళు! కథ మాట అటుంచితే, నాలుగు శతాబ్దాలుగా దీనిపై నడిచినవారు రైతులు, వర్తకులు, రోగులు, బంధువులను చూడబోయే సామాన్యులు.

క్రింది నుండి చూస్తే 22 కమానులు. కమానులో ఏ రాయీ భారాన్ని తనలోనే ఉంచుకోదు. పక్క రాతికి అందిస్తుంది, అది స్తంభానికి, స్తంభం నేలకు. 1908 సెప్టెంబరు నాటి మహావరదలో దెబ్బతిన్నా, మరమ్మతులతో నేటికీ నిలిచి ఉంది. ఇప్పుడు దీనిపై వాహనాలు తిరగవు. కూరగాయలు అమ్ముకునేవారు బ్రతుకు వెళ్ళదీసుకుంటున్నారు.

మనిషి మరణించాక కూడా పుణ్యం అందించే వాటిలో సదఖా జారియా ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. దారిలోని అడ్డును తొలగించడం కూడా ఈమాన్‌లో భాగమే అన్నారు. మనం మస్జిదుకు చందా ఇచ్చేటప్పుడు పుణ్యాన్ని తలచుకుంటాము. ఊరి చప్టాను ఎత్తు చేయించేందుకు గ్రామస్తులతో కలిసి అర్జీ పట్టుకొని నడిచేటప్పుడు కూడా అలాగే తలచుకుంటున్నామా? ఆ దారిన రేపు ఎవరి జనాజా రావలసి ఉందో ఎవరికి తెలుసు?

మగ్రిబ్ అజాన్ వినిపించింది. కట్టించినవారికీ, రాళ్ళు మోసిన పేరు తెలియని కూలీలకూ మేలు కోరాము. ఆ బాలుని తల్లి మగ్ఫిరత్ కోసం దుఆ చేసి వెనుదిరిగాము.