గుళికలకూ ఇంటిపేరుంది

గుళికలు ఉత్త చేతుల్తో చల్లిన మనిషి గట్టు మీదే కూలబడ్డాడనుకోండి. ఒళ్లంతా చెమట, నోటివెంట చొంగ, కంటిపాపలు సూదిమొనలంత. ఆస్పత్రికి మోసుకొచ్చిన తమ్ముణ్ని డాక్టరు మొదట అడిగేది, 'ఏం మందు?' అని.

'గుళికలు సార్, వరికి చల్లేవి.'

ఆ జవాబు చాలదు. కార్బోఫ్యూరానూ గుళికలే, క్లోర్‌పైరిఫాస్‌లోనూ గుళికలున్నాయి. 2020 చివర్లో నిషేధించిన ఫోరేట్‌నీ ఊళ్లో అలాగే పిలిచేవారు. అన్నీ పట్టుకునేది నరాలకు అవసరమైన ఒకే ఎంజైమును. లక్షణాలు ఒకటే, అట్రోపిన్ అన్నిటికీ ఇస్తారు. తేడా పట్టులో ఉంది. కార్బమేట్ పట్టు సాధారణంగా ఒక రోజులోపే దానంతటదే వదులుతుంది. మిగతా రెండూ ఆర్గానోఫాస్ఫేట్లు. వాటి పట్టు ఆలస్యమైనకొద్దీ బిగుస్తుంది. అప్పుడు ప్రాలిడాక్సిమ్ ఇవ్వాలా అని డాక్టరు ఆలోచించాలి.

ఏ కుటుంబమో పేరే చెబుతుంది. కార్బోఫ్యూరాన్ పూర్తి పేరు 2,2-డైమిథైల్-2,3-డైహైడ్రో-1-బెంజోఫ్యూరాన్-7-ఇల్ మిథైల్‌కార్బమేట్. నోరు తిరగదు, నిజమే. ఆ అంకెలు డోరు నంబర్లలాంటివి, ఏ ముక్క ఎక్కడ తగులుకుందో చెబుతాయి. డాక్టరుకు కావలసింది తోక ఒక్కటే. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, వీటికి చివర్లో. కార్బరిల్‌ది కూడా ఇదే ఇంటిపేరు. 1984లో భోపాల్‌లో లీకైన మిథైల్ ఐసోసయనేట్ ఆ కార్బరిల్ తయారీకి వాడిందే.

సంచి మీద మాత్రం కంపెనీ పెట్టిన ముద్దుపేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, అసలు పేరు చీమ తలకాయంత. తమ్ముడు మళ్లీ బండెక్కుతాడు, గట్టు మీద పారేసిన ఆ సంచి కోసం.