రబ్బరు నేల మీద డ్రాగన్!

వాన వెలిసి పది నిమిషాలైనా కాదు... పిల్లలు జారుడుబల్ల దగ్గరికి పరుగు తీస్తారు. వాళ్ల వెనకే తాతయ్యలు, బామ్మలు. 'పడతావ్, మెల్లగా' అని అరిచేవాళ్లు తక్కువే. ఎందుకంటే అక్కడ కాళ్ల కింద ఉన్నది మట్టీ కాదు, సిమెంటూ కాదు. రబ్బరు!

సింగపూర్‌లోని ప్రభుత్వ గృహసముదాయాల్లో రోజూ కనిపించే దృశ్యమిది. అక్కడ స్థిరపడ్డవాళ్లలో పదింట దాదాపు ఎనిమిదిమంది ఉండేది హౌసింగ్ బోర్డు ఫ్లాట్లలోనే. ఇంటిముందు వాకిలి ఉండదు కాబట్టి కింది ఆటస్థలమే అందరికీ వాకిలి. పైగా ఏడాదిలో సగటున 170 రోజులు వాన. కాలు జారకుండా నేల పరవడం అక్కడ చిన్న విషయమేం కాదు.

ఆ పరుపు వేసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. అడుగున పాత టైర్లను పొడిచేసిన నల్ల రబ్బరు ముక్కలు. దాని మీద రంగు రబ్బరు రవ్వ. రెండింటినీ జిగురుతో కలిపి, అచ్చం ఉప్మాలా పరిచి చదును చేస్తారు. సందుల్లోంచి నీళ్లు కిందికి ఇంకిపోతాయి. ఆట పరికరం ఎంత ఎత్తుంటే దాని కింద పరుపు అంత మందం. అయితే మిట్టమధ్యాహ్నం ఉత్తకాళ్లతో నిలబడలేం, చుర్రుమంటుంది!

2007లో మొదలైన పరిసరాల పునరుద్ధరణ పథకం కింద పాత పేటల్లో ఆటస్థలాలూ నడకదారులూ మెరుగుపడ్డాయి. ఖర్చు ప్రభుత్వానిదే. కానీ నూటికి 75 ఇళ్లవాళ్లు సరేనంటేనే పని మొదలవుతుంది.

అంతకుముందు ఆ ఆటస్థలాల్లో ఉండేది ఇసుకే. పిల్లులూ కుక్కలూ పాడుచేస్తుంటే శుభ్రం చేయడం తలకు మించిన పనైంది. 1990ల నుంచి ఒక్కొక్కటిగా ఇసుక పోయి రబ్బరు వచ్చింది. ముసలివాళ్లకు భయం తగ్గింది. గుజ్జనగూళ్లు కట్టే పిల్లలకే ఆట పోయింది.

ఈ తేడా కళ్లారా చూడాలంటే రెండు డ్రాగన్ల దగ్గరికి వెళ్లాలి. ఖోర్ ఇయన్ ఘీ అనే డిజైనర్ 1970ల చివర్లో హౌసింగ్ బోర్డు కోసం రూపొందించిన ఆట బొమ్మలివి. తల నిండా రంగు పెంకులు, పొడవాటి ఒళ్లు, పిల్లలు దూరి ఎక్కేందుకు ఇనుప వలయాలు. ఆంగ్ మో కియోలోని డ్రాగన్ ఇప్పుడు రబ్బరు మీద పడుకుంది. తోవా పాయోలోది మాత్రం ఇసుకలోనే ఉంది. పెద్దయిపోయిన అప్పటి పిల్లలు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని దాని దగ్గరికే వస్తుంటారు.

తోవా పాయో మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచే వెళ్లొచ్చు. సాయంత్రం ఎండ తగ్గాక బయల్దేరండి. తిరిగొచ్చేటప్పుడు పిల్లల చెప్పులు దులపడం మరచిపోకండి!