కర్ణధారుడు

అమరకోశంలో నావికునికి కర్ణధారుడని ఒక పర్యాయపదం ఉన్నది. ముప్పయ్యేళ్లకు పైగా పిల్లలచేత దానిని వల్లె వేయించాను. కర్ణమనగా చెవి మాత్రమే కాదు, చుక్కాని కూడా అని వివరించాను. అయితే చుక్కానిని ఒక్కనాడైనా చేత పట్టి ఎరుగను. పుట్టింది పర్చూరు వైపు నల్లరేగడి నేలల్లో. పత్తి, మిరప తప్ప మరొకటి తెలియని కుటుంబం మాది. సముద్రం మాకు కార్తీక మాసంలో స్నానానికి వెళ్లే చోటు మాత్రమే.

ఉద్యోగంలో కొన్నేళ్లు చీరాల దగ్గర, తీరానికి చేరువగా ఉన్న ఒక ఊరిలో పనిచేశాను. అక్కడ నా దగ్గర చదివిన ఒక పల్లెకారుల పిల్లవాడు మొన్న జూన్‌లో ఫోను చేశాడు. పేరు చెప్పను. "మాస్టారూ, వేట మొదలైందండి. ఒకసారి వాడరేవు రండి, పడవ చూద్దురు గాని" అన్నాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు యాంత్రిక పడవల వేటకు నిషేధం గదా. ఆ రెండు నెలలు ఇంట్లో కూర్చున్నవానికి జూన్ 15 అంటే మన రైతుకు ఏరువాక వంటిది.

వెళ్లేసరికి వాడి ముఖంలో ఆ కళ లేదు. అప్పు చేసి పాత అవుట్‌బోర్డు ఇంజను ఒకటి కొన్నాడట, 9.9 గుర్రాల శక్తిది. అది బిగించిన నాటి నుంచి పడవ మాట వినడం లేదు. వదిలితే కుడికి లాగుతుంది. అణియం, అంటే ముందు భాగం, ఆకాశంలోకి లేస్తుంది. అల మీద మలుపు తిప్పబోతే ఇంజను ఊళపెడుతుందే గాని పడవ కదలదు. రెండు రోజుల క్రితం ఒడ్డుకు వస్తూ కెరటం విరిగే చోట అలాగే జరిగి, పడవ అలకు అడ్డం తిరిగిందట. తోటివాడి ముంజేయి విరిగింది. పట్నంలో ఒక మెకానిక్కు ఫ్యాను మార్చాలన్నాడు. ఆ డబ్బు వీడి దగ్గర లేదు. వాళ్లమ్మ ఇక ఆ ఇంజనుతో సముద్రం మీదికి వెళ్లవద్దని ఒట్టు వేయించుకోబోతున్నది.

ఇటువంటి ఇంజనుకు విడిగా చుక్కాని ఉండదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఇంజను మొత్తం తిరుగుతుంది. ఫ్యాను నీటిని ఎటు నెడితే పడవ వెనుకభాగం దానికి ఎదురు దిక్కుకు జరుగుతుంది. ఫ్యాను నెట్టడం మానితే పట్టు చాలావరకు పోయినట్టే. కెరటాల మధ్య ఇంజను ఊళపెట్టడమంటే చుక్కాని చేతిలోంచి జారిపోవడమే. 1909లో అమెరికాలోని మిల్వాకీలో ఓలే ఎవిన్‌రూడ్ ఇటువంటి ఇంజన్లు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడని చదివాను గాని, ఈ మర్మం ఆ చదువులో దొరకలేదు.

"ఇప్పుడేం చేస్తావురా?" అన్నాను.

"ఒక్కొక్కటే చూస్తానండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది దోషమో తెలియదు" అన్నాడు.

మొదట ఫ్యాను ఊడదీశాడు. దాని వెనుక ఇరుసుకు తెగిన నైలాను వల దారం చుట్టుకుని ఉన్నది. అది లోపలి సీలును కోసేస్తే గేర్ల నూనెలోకి ఉప్పునీరు పోతుందట. దారం తీసి, నూనె చూశాడు. పాలలా తెల్లబడలేదు. నీరు చేరలేదన్నమాట. ఫ్యాను రెక్కలు వంగలేదు, విరగలేదు. "ఫ్యాను బాగానే ఉందండి" అన్నాడు, సగం అప్పు తీరినవానిలా.

తరువాత బరువులు చూశాడు. ఇంధనం డబ్బా, మంచు పెట్టె, వల అన్నీ అమరంలో, అంటే వెనుకవైపే ఉన్నాయి. మంచు పెట్టెను, వలను నడిమికి జరిపాడు. నీటిలోకి వెళ్లి, గాలికి ఎదురుగా ఒకసారి, గాలివాలున ఒకసారి నడిపి వచ్చాడు. గాలి చేసే తప్పును ఇంజను మీద వేయకూడదట. అణియం కొంత దిగింది. తక్కినవి అలాగే ఉన్నాయి.

మూడవది ఇంజను ఎత్తు. ఈ ఇంజన్లలో పొట్టికాలువి, పొడుగుకాలువి ఉంటాయి. మామూలుగా ఒకటి 15 అంగుళాలు, మరొకటి 20. వాడి పాత ఇంజను పొడుగుకాలుది. దాని కోసం అమరం పలక మీద ఒక చెక్క బిగించి ఎత్తు పెంచారు. కొత్తది పొట్టికాలుది, చెక్క మాత్రం అలాగే ఉండిపోయింది. ఫ్యానుకు పైన ఒక రేకు ఉంటుంది, గాలి కిందికి దిగకుండా ఆపడానికి. అది పడవ అడుగుకు సమంగానో, కాస్త కిందనో ఉండాలి. వాడు బద్ద పెట్టి చూస్తే రెండంగుళాలు పైన ఉన్నది. మలుపులో, అలలో ఫ్యాను నీటికి బదులు గాలి మింగుతున్నది. ఊళకు మూలం అదే. చెక్క ఊడదీసి ఇంజనును దించి బిగించాడు.

నాలుగవది వాలు. ఇంజను పడవ నుంచి ఎంత ఎడంగా వాలి ఉండాలో నిర్ణయించే చీల ఒకటి, దానికి వరుసగా రంధ్రాలు. చీల బాగా వెలుపలి రంధ్రంలో ఉన్నది. దాన్ని ఒక రంధ్రం లోపలికి మార్చాడు. మరీ లోపలికి జరిపితే అణియం నీటిని దున్నుతుందట, అది మరొక ప్రమాదం. ఈసారి అణియం చక్కగా కూర్చున్నది. కుడిలాగుడు తగ్గింది గాని పోలేదు. చివరికి ఫ్యాను వెనుక, ఆ రేకు కింద ఉన్న చిన్న రెక్క మరను వదులు చేసి, దాని తోకను రవ్వంత కుడికి తిప్పి బిగించాడు. పడవ ఎటు లాగితే తోకను అటే తిప్పాలి. చూసేవారికి విపరీతంగా తోచే సూత్రం.

"ఇదంతా ఎక్కడ నేర్చావురా?"

"పద్యంలో యతి చెడితే గణం గణం విడదీసి చూడమనేవారు గదండీ" అన్నాడు, ఇంజను మీద నుంచి తల ఎత్తకుండానే.

ఆ మాట నాకు మెచ్చుకోలుగా తోచలేదు. ఎనిమిదవ తరగతిలో ఒకనాడు వీడు పద్యం అప్పజెప్పలేకపోతే, అందరి ముందు, "నీకు చదువెందుకురా, నీకు తెడ్డే గతి" అన్నాను. ఆ తరువాతి వారం నుంచి బడికి రాలేదు. వాళ్ల నాన్నకు ఒంట్లో బాగాలేదని, అందుకే మానాడని ఎవరో చెప్పారు. ఇన్నేళ్లూ ఆ కారణాన్నే నమ్మడం నాకు సుఖంగా ఉన్నది.

సాయంత్రం నాకు లైఫ్ జాకెట్టు తొడిగి, ఎక్కించుకుని తీసుకెళ్లాడు. ఇంజనును ఆపే తాడు తన మణికట్టుకు తగిలించుకున్నాడు. పడిపోతే ఇంజను తనంతట తానే ఆగుతుందట. కెరటాలు విరిగే చోటు దాటుతున్నంతసేపూ వాడు మాట్లాడలేదు. ఇంజను ఊళపెట్టలేదు. దాటాక పిడిని నా చేతిలో పెట్టాడు. నేను ఎడమకు పోదామని ఎడమకే తోశాను. పడవ కుడికి తిరిగింది.

"కుడికి తోస్తే ఎడమకు పోద్దండి" అన్నాడు, నెమ్మదిగా, నవ్వకుండా. నేను ఆ తరగతి గదిలో ఎన్నడూ అంత నెమ్మదిగా మాట్లాడి ఉండను.

"ఒరేయ్, నేను ఆనాడొక మాట అన్నాను..." అన్నాను.

"గుర్తుందండి" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నా చేతి మీద చేయి వేసి, పిడిని కొంచెం కుడికి జరిపాడు. అణియం తీరం వైపు తిరిగింది. ఒడ్డున వాళ్లమ్మ చీర కొంగు నెత్తిన కప్పుకుని నిలబడి ఉన్నది.