మోకు పట్టినవారు

ఒంగోలు వెళ్లిన క్రైస్తవులు ప్రార్థన కొండ ఎక్కకుండా తిరిగి రావడం అరుదు. అదేమంత ఎత్తైన కొండ కాదు. పెద్దవయసు వారు కూడా ఆగి ఆగి ఎక్కగలరు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఈ కొండ మీద మోకరించినవారు ఐదుగురే. వారు అమెరికా నుండి వచ్చిన లైమన్ జువెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని వారు ప్రభువును వేడుకున్నారు. జాన్ క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చి కాపురం పెట్టింది 1866లో. ఆ ప్రార్థనకు జవాబు పన్నెండేళ్లకు వచ్చిందన్నమాట.

మొన్న వేసవిలో మా సంఘస్థులం ఇరవైమందిమి ఆ కొండ ఎక్కాం. ఈ చరిత్ర చెబుతూ ఉంటే మా యౌవనస్థుల్లో ఒకరు, “అయ్యగారూ, వచ్చినవారి పేర్లు చెబుతున్నారు. వీరిని పంపినవారి సంగతేమిటండీ?” అని అడిగారు. ప్రియ చదువరులారా, ఆ ప్రశ్నకు జవాబు మనందరికీ అవసరం.

ఈ మిషనును ప్రారంభించిన శామ్యూల్ డే దొరగారు 1836లో మన దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా విశ్వసించినవారు బహు కొద్దిమంది. ఇంత డబ్బు, ఇంత శ్రమ దండగ కాదా అని పంపినవారిలో కొందరు అనసాగారు. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణంలో జరిగిన సభలో తెలుగు మిషనును మూసివేసే మాట వచ్చింది. పటంలో నెల్లూరు మిగిలిన స్థలాలకు దూరంగా, ఒంటరి నక్షత్రంలా కనబడింది. ఆ పేరు మీదనే శామ్యూల్ స్మిత్ అనే దైవజనుడు ఆ రాత్రి ఒక పద్యం వ్రాశారు. అది సభలో చదివినప్పుడు అనేకుల హృదయాలు కరిగాయి. మిషను నిలిచింది.

1862లో జబ్బుపడి స్వదేశం వెళ్లిన జువెట్ దొరగారికి మళ్లీ అదే మాట ఎదురైంది. మీరు పంపకపోయినా నేను వెళ్లి ఆ తెలుగువారి మధ్యనే చనిపోతానని ఆయన పట్టుబట్టారు. చివరకు ఆయనను పంపడమే కాక, క్లౌ దొరగారిని కూడా తోడిచ్చారు. వారు ఇక్కడికి చేరింది 1865లో. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. 1853లో పంపినవారు చేయి వదిలివేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

బావిలో పూడిక తీయడానికి ఒకడు దిగితే ఒడ్డున నలుగురు మోకు పట్టుకుంటారు. దిగినవాడి ప్రాణం ఆ నలుగురి చేతుల్లో ఉంటుంది. తట్ట నిండిందా లేదా అని తొంగిచూస్తూ మోకు వదిలేసేవాడు మనిషి కాడు.

ఒంగోలు నుండి నెల్లూరు వెళ్లాం. మిషనరీలను అందుకున్న ఆ ఊరే తరువాత మిషనరీని పంపింది. 1860 మొదలు ఎందరో తెలుగు కూలీలు మద్రాసులో ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్లారు. వారిలో మన విశ్వాసులు కూడా ఉన్నారు. వారి కొరకు తెలుగు బాప్టిస్టు సంఘాలవారు తమ హోమ్ మిషనరీ సొసైటీ ద్వారా 1903లో జాన్ రంగయ్యగారిని పంపారు. ఆ సంవత్సరమే డిసెంబరు 27న కియర్స్‌నీ తేయాకు తోటల్లో తెలుగు సంఘం ఏర్పడింది. 1915లో మరణించే వరకు ఆయన నేటాలులోని తెలుగువారి మధ్య పరిచర్య చేశారు. పంపడానికి ధనవంతులమే కానక్కరలేదని ఆ సంఘాలు మనకు చూపించాయి.

నేడు మన పల్లె సంఘాల నుండి కూడా బిడ్డలు పరదేశాలకు సేవకు వెళుతున్నారు. పంపేనాడు పూలదండలు వేస్తాం, చేతులుంచి ప్రార్థిస్తాం. ఆ తరువాత? పొరుగు మండలంలో ఒక మిషనరీ తల్లి నాతో ఇలా అన్నది: “కొడుకును దేవునికిచ్చాను అయ్యగారూ, నాకు బాధ లేదు. కానీ సంఘం నా గడప తొక్కి ఏడాదయింది.” ఆమెకు కంటి ఆపరేషను చేయించాలి. తోడు వచ్చేవారు లేక ఆగిపోయింది. ఈ కబురు విన్న కొడుకు అక్కడ నిశ్చింతగా సువార్త చెప్పగలడా? మిషనరీని ఆదుకోవడం అతడు విడిచి వెళ్లిన ఇంటి గడప దగ్గర మొదలవుతుంది.

డబ్బు విషయం కూడా చెప్పాలి. మనకు చేతిలో నాలుగు రూపాయలు ఆడేది పంట వచ్చినప్పుడే. మిషనరీకి మాత్రం ఇంటి అద్దె, పిల్లల ఫీజు నెలనెలా తప్పవు. కాబట్టి కోతల పండుగ కానుకలోనే ఏడాదికి సరిపడా తీసి బ్యాంకులో వేయడం మంచిది. మిజోరం స్త్రీలు 1910 నుండి వంటకు ముందు గుప్పెడు బియ్యం దేవునికని ప్రక్కన పెడుతూ వచ్చారు. ఆ గుప్పెడుతో ఎందరో సేవకులు పోషించబడ్డారు. మన స్త్రీల సమాజాలకు అది కష్టమైన పని కాదు.

ఫోను చేసినప్పుడు, “ఎంతమందికి బాప్తిస్మమిచ్చావు బాబూ?” అని మొదలుపెట్టకండి. “ఒంట్లో బాగుంటోందా? అమ్మాయి, పిల్లలు ఎలా ఉన్నారు?” అని అడగండి. ఎపఫ్రొదితు రోగియైనాడని ఫిలిప్పీ సంఘం విన్నది. వారు విన్నారని అతడు విచారపడ్డాడు (ఫిలిప్పీ 2వ అధ్యాయం). లెక్కలు అడిగినట్టు అక్కడ లేదు. సువార్తకు ఆటంకాలున్న దేశాల్లో పనిచేసేవారి పేర్లు, ఫోటోలు వాట్సాప్‌లో పంచకండి. మన ఉత్సాహం వారిని చెరసాలపాలు చేయవచ్చు.

వారు సెలవుకు వచ్చినప్పుడు ఊరూరా మీటింగులు పెట్టి అలసటకు అలసట జోడించవద్దు. అంతియొకయలో పౌలు బర్నబాలు జరిగినదంతా సంఘానికి వివరించి, శిష్యులతో చాలా కాలం గడిపారు (అపొ. కా. 14:26–28). మనవారికీ అటువంటి విశ్రాంతి కావాలి. పరదేశంలో పెరిగిన పిల్లలకు మన పల్లె కొత్త. వారి భాషను చూసి నవ్వకుండా మన పిల్లలతో కలుపుకోవాలి. వారి ఇంటి కప్పు కురుస్తుంటే వానలకు ముందే నేయించాలి.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక సంఘ పెద్దలు కూర్చొని పనులు పంచుకోండి. వారం వారం ఫోను చేసేవారు ఒకరు, తల్లిదండ్రులను చూసుకొనేవారు ఇద్దరు, కానుక లెక్క చూసేవారు ఒకరు, పేరు పేరున ప్రార్థించేవారు అందరూ. చేతులుంచి పంపిన ఆ చేతులే మోకు కూడా పట్టాలి. ప్రభువు మన చేతులను బలపరచును గాక.