పూచేదాకా పేరు చెప్పదు

మా ఊరు బెళుగుప్ప అనగానే మిత్రులకు చెనిక్కాయ, కరువు తప్ప మరొకటి తోచదు. అక్కడ ఆర్కిడ్ ఉందంటే నవ్వుతారు. మా చేని గట్టుమీది చింతకొమ్మను పట్టుకుని ఉందది. శాస్త్రంలో వాండా అంటారు.

మా నాయనకు మాత్రం అది బదనిక. "చెట్టు రసం తాగుతాది, నరికెయ్‌రా" అంటాడు. ఆయన భయం ఉత్తది కాదు. అసలు బదనిక కొమ్మలోకి వేరు దించి నీరు లాగేస్తుంది. వాండా కొమ్మమీద నివాసం ఉంటుందే గాని దాని తిండి తినదు. గాలిలో వేలాడే దాని బూడిదరంగు వేళ్లమీద చెంబెడు నీళ్లు పోస్తే కాసేపటికే పచ్చబడతాయి. నాయనకు అది చూపించాను.

ఇంతవరకు సులువే. చిక్కంతా ఆపైన ఉంది. వాండాలో టెస్సెలేటా, టెస్టేసియా ఆకుల్లో అన్నదమ్ముల్లా ఉంటాయి. పూస్తేనే తేలుతుంది. మొదటిదాని రేకులమీద గోధుమరంగు గళ్లుంటాయి. రెండోదానివి చిన్న పసుపు పూలు. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ 1795లో మొదటిదాన్ని వర్ణిస్తూ ఆ గళ్లనే పేరుగా పెట్టాడు. హెర్బేరియం కాగితంమీద ఎండిపోతే ఆ రంగులూ మిగలవు.

మా చెట్టుమీదిది రెండేళ్లుగా పూయలేదు. అందుకే నా రికార్డులో 'వాండా' అని రాసి పక్కన ఖాళీ వదిలాను. పూచేదాకా కొడవలి పెట్టొద్దని నాయనను బతిమాలాను.

"అయితే దీనికి గూడా వానకే చూడాల్నా?" అన్నాడు.

చూడాల్సిందే. సేద్యం చేసే ఇంట్లో అదేమీ కొత్త కాదు గదా!