పిండి పొంగుతోంది, నన్ను పిలవకండి

వదినగారూ, ఓ వదినగారూ! ఒక్కసారి బాల్కనీలోకి రండి. బట్టలు తర్వాత ఆరేసుకుందురు గానీ, మార్చి ఎండ ఎక్కడికీ పోదు. ఆగండాగండి, ఆ విమానం పోనివ్వండి. ఎయిర్‌పోర్టులో మూడో రన్‌వే 2008లో మొదలైంది, అప్పట్నుంచీ మన వసంత్ కుంజ్ వాళ్ళ కబుర్లన్నీ ముక్కలు ముక్కలే. హమ్మయ్య, పోయింది.

ఏం చేస్తున్నావంటారా? పిజ్జా పిండి కలిపి పెట్టాను. అంటే నిజం చెప్పాలంటే ఏమీ చెయ్యట్లేదు. ఆ మాట మాత్రం మా వారి చెవిన వెయ్యకండి. చలికాలం అయిపోయింది కదా, రజాయిలన్నీ ఎండబెట్టి మంచం పెట్టెలో సర్దాలి. స్వెట్టర్ల మధ్య కలరా ఉండలు వెయ్యాలి. ఉగాది వస్తోంది, బూజులు దులపాలి. కబాడీవాలా రోజూ మన గేటు దగ్గర గొంతు చించుకుంటున్నాడు, పాత పేపర్లు కట్ట కట్టాలి. పొద్దున్న కాఫీ తాగుతూ ఈ పనులన్నీ తల్చుకుని, లేచి వెళ్ళి మైదా డబ్బా తీశాను.

నవ్వకండి, ఇందులో కిటుకుంది. పెళ్ళయి ఢిల్లీ వచ్చిన దగ్గర్నుంచీ ఇడ్లీ పిండి పులియబెడుతూనే ఉన్నాం కదా, మీరూ నేనూ. పప్పు నానబొయ్యడం, రుబ్బడం, జనవరి చలికి పిండి పొంగకపోతే గిన్నెకి శాలువా చుట్టి రాత్రంతా కాపు కాయడం. ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు "పాపం, ఆవిడ పిండి పులియబెడుతోంది, కదిలించకండి" అన్నారా? అదే "పిజ్జాకి పిండి కలిపాను" అని చూడండి! పిల్లలు గొంతు తగ్గించి మాట్లాడతారు. మా వారు వంటింటి గుమ్మం దగ్గర ఆగి, "నేనేమైనా సాయం చెయ్యనా?" అంటారు. దానికీ పులుపే, దీనికీ పొంగే. ఆ మాటకొస్తే ఇడ్లీ పిండే కష్టం. దాంట్లో మనం ఈస్టు వెయ్యం, పప్పుకీ బియ్యానికీ అంటిపెట్టుకుని ఉన్న బ్యాక్టీరియానే లేచి పని చెయ్యాలి. పిజ్జాకి ప్యాకెట్లోంచి తీసి వేసెయ్యడమే. అయినా మర్యాద దీనికే. ఇవ్వాళ మనింటి మర్యాదలు మార్చలేం గానీ, వాడుకోవచ్చుగా?

చెప్తాను, రాసుకోనక్కర్లేదు. అరకిలో మైదా. దాంట్లో రెండు చెంచాలకి కాస్త తక్కువ ఉప్పు, చెంచా పంచదార, పావు చెంచా ఇన్‌స్టంట్ ఈస్టు. పావు చెంచానే, తప్పు వినలేదు మీరు. మూడు వందల పాతిక మిల్లీలీటర్ల నీళ్ళు, రెండు పెద్ద చెంచాల నూనె. గరిటె వెనక్కి తిప్పి, కాడతో కలిపెయ్యండి, చేతులు కూడా అంటవు. పూరీ పిండి కంటే జారుగా, గారెల పిండి కంటే గట్టిగా, చూడ్డానికి అందవికారంగా ఉంటుంది. "ఇదేం పిండి" అని మళ్ళీ మైదా చల్లకండి. మూత పెట్టి వదిలెయ్యండి.

పిసకొద్దా అంటారా? వద్దు. అదే కదా అసలు సంగతి! న్యూయార్క్‌లో జిమ్ లాహీ అని ఒక బేకరీ ఆయన, పిసక్కుండా రొట్టె ఎలా చెయ్యొచ్చో చేసి చూపించాడు. 2006 నవంబర్లో మార్క్ బిట్‌మన్ దాన్ని న్యూయార్క్ టైమ్స్‌లో రాసేసరికి ఊళ్ళకి ఊళ్ళు పిసకడం మానేశాయి. సంగతేమిటంటే, మైదాలో గ్లూటెనిన్, గ్లయాడిన్ అని రెండు రకాల ప్రొటీన్లుంటాయి. నీళ్ళు తగిలితే చాలు, అవి రెండూ వాటంతటవే అల్లుకుని గ్లూటెన్ అవుతాయి. ఈస్టు వదిలే గాలిని పట్టి ఉంచేది అదే. మనం పిసికితే ఆ అల్లిక త్వరగా అవుతుంది, అంతే. పిసక్కపోతే పన్నెండు, పద్ధెనిమిది గంటలు పడుతుంది. మనకి తొందరేముంది? నిజానికి నాకు కావలసిందే ఆ పద్ధెనిమిది గంటలు.

మొదట్లో మాత్రం అరగంటకోసారి, ఓ రెండు మూడు సార్లు చెయ్యి తడుపుకుని పిండి అంచు పట్టుకుని సాగదీసి మధ్యలోకి మడిచి పెట్టండి. నాలుగు వైపులా నాలుగు మడతలు, అర నిమిషం పని. మొదటి మడతకి చిరిగిపోతుంది. రెండోసారి పలచగా సాగుతుంది. మూడోసారి చేతి మీద నున్నగా నిలుస్తుంది, అంచు ఎత్తి పట్టుకుంటే అవతలి వెలుతురు కనపడుతుంది. పైన ఒకటీ అరా బుడగలు లేచి, తెల్లటి చర్మం కింద గాలి కదులుతూ ఉంటుంది. వదినగారూ, నేను కుర్చీ వేసుకుని దాన్నే చూస్తూ కూర్చుంటాను. "బజారుకి వెళ్ళొస్తావా" అని ఎవరైనా అడిగితే "ఎలా వెళ్తాను, అరగంటకోసారి మడవాలి" అంటాను. అబద్ధం కూడా కాదు.

ఇంకో మాట. ఈ వారంలో రాత్రుళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి కదా, గిన్నెని రజాయిలో పెట్టి చుట్టాను. ఇప్పుడా రజాయి ఎండలో వెయ్యడానికి లేదు. "ఇంకెక్కడి చలి?" అని మా వారు అడిగారు. చలి మనక్కాదు, పిండికి అన్నాను. ఏమనగలరు?

అయితే ఢిల్లీలో పిండి టైము గడియారం చూసి చెప్పలేం. జనవరిలో ఇదే పిండికి ఒక రోజంతా పట్టినా పడుతుంది. మే నెలలో బయట నలభై దాటితే మధ్యాహ్నం భోజనం అయ్యేలోపే గిన్నె దాటి వచ్చేస్తుంది, పుల్లటి వాసన కూడా వేస్తుంది. అందుకని వేసవిలో చల్లటి నీళ్ళతో కలిపి నేరుగా ఫ్రిజ్‌లోకి తోసెయ్యండి. అసలు కిటుకంతా ఫ్రిజ్‌లోనే ఉంది. చల్లదనానికి ఈస్టు నిద్రమత్తులో నెమ్మదిగా పని చేస్తుంది, పిండికి మంచి రుచి వస్తుంది. మూడు రోజులైనా ఉంటుంది. అంటే సోమవారం కలిపితే గురువారం దాకా "పిజ్జా పనిలో ఉన్నాను" అని చెప్పుకోవచ్చు. కాల్చే ముందు గంటసేపు బయట పెడితే చాలు.

నేపుల్స్ వాళ్ళు వింటే మాత్రం మనల్ని తిడతారు. అసలైన పిజ్జా ఎలా ఉండాలో చెప్పడానికే వాళ్ళు 1984లో ఒక సంఘం పెట్టుకున్నారు. పిండీ, నీళ్ళూ, ఉప్పూ, ఈస్టూ, అంతే. నూనె వెయ్యకూడదు, పంచదార మాటే ఎత్తకూడదు. అక్కడి పిజ్జా చేసేవాళ్ళ పనితనాన్ని 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేర్చింది. కానీ వాళ్ళ కట్టెల పొయ్యి నాలుగొందల డిగ్రీలు దాటి మండుతుంది, నిమిషం, నిమిషమున్నరలో పిజ్జా అయిపోతుంది. మన ఇంటి ఓటీజీ ఓవెన్ రెండొందల యాభై దగ్గర ఆగిపోతుంది, పది పన్నెండు నిమిషాలు కాలాలి. అంతసేపు కాలితే పిండి ఎండిపోతుంది కదా, అందుకు నూనె. రంగు రావడానికి పంచదార. ఓటీజీ లేకపోతే ఇనప పెనం మీద ఒక వైపు కాల్చి, తిరగేసి, పైన చీజ్ వేసి మూత పెట్టండి. అడుగు కరకరలాడుతుంది. నా మట్టుకు నాకు పెనం పిజ్జానే ఇష్టం.

గోధుమ పిండితో చెయ్యొచ్చా అంటారా? సగానికి సగం కలపండి, ఇంకాస్త నీళ్ళు పొయ్యండి. మొత్తం ఆటాతో చేస్తే తవుడు అల్లికని తెంపేస్తుంది, అది పిజ్జా కాదు, లావు రొట్టె. పైన ఏం వేస్తారో మీ ఇష్టం. ఒక్క పనీర్ మాత్రం వెయ్యకండి. ఢిల్లీ వాళ్ళ అలవాటు అది, చీజ్ కింద మళ్ళీ పనీరేమిటి, పాల మీద పాలు! అంచులకి మాత్రం ఆవకాయ నూనె రాయండి. ఆ సంగతి మీకు నేపుల్స్‌లో ఎవరూ చెప్పరు.

మా వారు పెళ్ళికి ముందు ఈ ఊళ్ళో ఉద్యోగంలో చేరినప్పుడు పిజ్జా అంటే కన్నాట్ ప్లేస్‌లో నిరూలాస్‌దేనట. డొమినోస్ 1996లో మన దేశంలో మొట్టమొదటి కొట్టు ఢిల్లీలోనే తెరిచింది. ఇప్పుడంటే నెల్సన్ మండేలా మార్గ్ మాల్స్ వైపు నడిచివెళ్తే ఎన్ని రకాలు కావాలంటే అన్ని దొరుకుతాయి. కానీ ఫోన్ చేసి తెప్పించుకుంటే అరగంటలో గుమ్మంలో ఉంటుంది, తినేసి లేచి రజాయిలు సర్దుకోవాలి. నాకేం లాభం?

సర్లెండి, మళ్ళీ విమానం వచ్చేలోగా ఒక్క మాట. ఇన్‌స్టంట్ ఈస్టుని నేరుగా పిండిలో కలిపెయ్యొచ్చు. యాక్టివ్ డ్రై అని రాసి ఉంటే గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టండి, మరిగే నీళ్ళు పొయ్యకండి. ప్యాకెట్ విప్పాక గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఢిల్లీ ఎండలకి బయట ఉంచితే అది చచ్చిపోతుంది, పొంగని పిండి పేరు చెప్పి మీకెవరూ సెలవివ్వరు.