నేల క్రింద ఏమున్నది?



ఈ మధ్య మా గ్రామములలో కొత్త ఇల్లు కట్టుకొనేవారు గృహప్రతిష్ఠ ప్రార్థనకు పిలువక ముందే మమ్మును ఒక ప్రశ్న అడుగుచున్నారు. "అయ్యగారూ, పట్నంలో మా అబ్బాయి ఇంట్లో చెక్క నేల వేయించాడు. మన ఊళ్ళో వేయిస్తే నిలుస్తుందా?"

ఇది పాస్టరును అడుగవలసిన మాటేనా అని కొందరు నవ్వవచ్చును. లేవీయకాండము 14వ అధ్యాయము చదివినవారు నవ్వరు. ఇంటి గోడలో పొడ కనబడినప్పుడు ఇంటివాడు యాజకుని పిలువవలెను. అది గోడపైననే ఉన్నదో, లోతుగా దిగినదో యాజకుడే చూడవలెను. ఏడు దినములు ఇల్లు మూసి మరల వచ్చి చూడవలెను. పైగా కూలి డబ్బు, పిల్లల సంపాదన కలిపి కట్టుకొనే ఇల్లు ఇది. వేసిన నేల రెండు వానలకు ఉబ్బిపోతే మరల వేయించుకొనే స్తోమత మన కుటుంబములకు లేదు. అందుచేత మేము తెలుసుకొన్నది ఇక్కడ వ్రాయుచున్నాము.

మనవారు చెక్క నేల అని పిలిచేది చాలాచోట్ల చెక్క పలక కాదు. దాని పేరు లామినేట్. స్వీడన్ దేశములో పెర్‌స్టార్ప్ అనే కంపెనీవారు దీనిని 1977లో రూపొందించిరి. తరువాత పెర్గో అనే పేరుతో అమ్మిరి. ఈ పలకలో నాలుగు పొరలుండును. అన్నిటికి క్రింద చెమ్మకు, వంపునకు ఓర్చుకొనే పొర. దానిపైన చెక్క పీచును గట్టిగా అదిమి చేసిన అట్ట. పలకకు బలము ఇదే. దానిపైన టేకు చారలో, మరొక మ్రాను చారలో అచ్చు వేసిన కాగితము. అన్నిటికి పైన గీతలు పడకుండా కాపాడే గట్టి పారదర్శకమైన పొర. మన కంటికి కనబడే టేకు ఒక కాగితమే. కనుక అసలు చెక్కవలె దీనిని చిత్రిక పట్టి మరల పాలిష్ చేయుటకు వీలు లేదు.

వేసే పద్ధతి కూడా వేరు. దీనికి మేకులు కొట్టరు, నేలకు అంటించరు. ముందు పెట్టెలను ఆ గదిలోనే రెండు రోజులు పడుకోబెట్టి ఉంచవలెను. పలకలు ఆ గది గాలికి అలవాటు పడును. తరువాత రసమట్టముతో నేల చూడవలెను. ఎత్తుపల్లములుంటే నడిచినప్పుడు పలక ఊగి అతుకు విరుగును. గచ్చుపైన పాలథీన్ షీటు, దానిపైన పలుచని ఫోము పరచి, పలక అంచును పలక అంచులో బిగించుచు పోవలెను. గోడల ప్రక్కన చుట్టూ 8 నుండి 10 మిల్లీమీటర్ల సందు వదలవలెను. పలకలు వాతావరణమునుబట్టి సాగును, ముడుచుకొనును. సందు లేకపోతే గది నడుమ పైకి లేచును. ఆ సందును స్కర్టింగు పట్టీ కప్పును.

ఇంత చేసినను దీనికి నీరు గిట్టదు. నీటికి కొంత ఎక్కువ తట్టుకొనే రకములు ఇప్పుడు వచ్చుచున్నవి గాని, అతుకులో నీరు నిలిస్తే పీచు అట్ట ఉబ్బును. ఉబ్బినది ఆరినను మునుపటివలె కాదు.

మా సంఘములలో ఒకదానిలో ఈ సంగతి పరీక్షకు వచ్చినది. కువైట్‌లో పనిచేయు ఒక సహోదరుడు, ఎన్నో ఏండ్లు ఆ మందిరములో వాక్యము చెప్పిన తన తండ్రి జ్ఞాపకార్థముగా, ప్రసంగ వేదికకు ఈ నేల వేయించుమని డబ్బు పంపెను. పెద్దలందరు సంతోషించిరి. మందిరము వెనుక గోడ చెరువు గట్టునకు దగ్గరగా ఉన్నది. మేము ఒకటిన్నర అడుగుల పాలథీన్ ముక్కను వేదిక గచ్చుపైన పరచి, నాలుగు ప్రక్కల టేపు అంటించి, ఒక పగలు ఒక రాత్రి ఉంచితిమి. మరునాడు ఎత్తి చూడగా ముక్క అడుగున నీటి బిందువులున్నవి, గచ్చు నల్లబారినది.

"క్రింద షీటు వేస్తారు కదండీ, చెమ్మ పైకెలా వస్తుంది?" అని ఒక పెద్ద అడిగెను. న్యాయమైన ప్రశ్నే. కాని గోడ పట్టిన చెమ్మ అంచుల వెంట దిగును. అది పలకల క్రింద ఉండగా ఎవరికిని కనబడదు. ఉబ్బిన తరువాతనే కనబడును. చెమ్మ ఉన్నచోటికి చెదలును వచ్చును.

ఫోనులో ఈ మాట చెప్పుట సులభము కాలేదు. ఆ సహోదరుడు చాలాసేపు మాటలాడలేదు. "ఎండలో నిలబడి సంపాదించింది అయ్యగారూ. నాన్న నిలబడిన చోటు అందంగా ఉండాలనుకున్నాను" అనెను. ప్రక్కన ఉన్న తల్లి ఫోను తీసుకొని, "నాయనా, మీ నాన్న మట్టి నేల మీద నిలబడే వాక్యం చెప్పాడు. ముందు ఆ చెమ్మ సంగతి చూడనియ్యి" అనెను. అతడు ఒప్పుకొనెను.

ఆ కానుకలో ఎక్కువ భాగము కంటికి కనబడని పనికే పోయినది. గోడ వెనుక కాలువ త్రవ్వించి వాన నీరు మళ్ళించితిమి. చెడిన పూత గీకించి మరల పూయించితిమి. పాత గచ్చు తీసి, కంకర, మందపు షీటు, కాంక్రీటు వేయించితిమి. మిగిలిన దానితో బేతంచెర్ల బండలు పరచితిమి. ఫోటో తీసి పంపుటకు బండలు మాత్రమే ఉన్నవి. దాత ఇచ్చినది భూమిలో ఉన్నది.

ప్రియులారా, మన ఆత్మీయ జీవితములో కూడ పై పొరపైననే మనకు శ్రద్ధ ఎక్కువ. తెల్లని బట్టలు, ఆదివారపు ముఖము, నలుగురిలో తియ్యని ప్రార్థన పలుచని కాగితముపై అచ్చు వంటివి కావచ్చును. ఇంటిలో పాత పగ, చెల్లించని అప్పు, మాటలాడని అన్నదమ్ములు ఉంటే ఆ చెమ్మ అంచుల వెంట వచ్చును. మత్తయి 7వ అధ్యాయములో ఇద్దరి ఇండ్లను వేరు చేసినది క్రింద ఉన్న పునాదియే.

చెక్క నేల పాపమని మేము చెప్పుట లేదు. సొలొమోను కూడ మందిరపు నేలకు మ్రాను పలకలు పరచెను. మేడపైన ఆరిన గదిలో, బాగా పిండిన తడిగుడ్డతో తుడుచుకొనేవారు దీనిని నిరభ్యంతరముగా వేయించుకొనవచ్చును. వంటగది, స్నానపు గది గడప, బకెట్లతో కడుగు వరండా దీనికి తగిన చోట్లు కావు. వేయించక ముందు ఒక రాత్రి పాలథీన్ ముక్క అంటించి చూడుడి. తడి కనబడితే పలకల డబ్బు అట్టే పెట్టి, తడి ఎక్కడనుండి వచ్చుచున్నదో వెదకుడి.

ప్రభువు మీ గృహములను పునాది మొదలు స్థిరపరచును గాక.